యంత్రమున్నది, మనిషి లేడు

1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడికవలన పుట్టి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఉక్కు పట్టణము భిలాయికి, ఉత్తరాంధ్రమునుండి మూటాముల్లెతో తరలివచ్చిన తెలుగు కార్మికుల ఉత్తరములును, నాటకముల కరపత్రములును పాతపెట్టెలలో చెదలకు పాఠ్యగ్రంథములగుచుండగా, మన విశ్వవిద్యాలయములు మానవీయశాస్త్ర పరిశోధనకు డిజిటల్ పద్ధతులు నేర్పెదమని కంకణము కట్టుకొన్నవి. సంతోషము! 2016లో ఐఐటీ సైతము వెలసిన ఊరు భిలాయి. కంప్యూటర్లకు కరవు లేదు.

అయితే తరచుగా జరుగు వరుస ఇదియే: స్కానరు వచ్చును, దానికి ఏసీ గది వచ్చును, గదికి శిలాఫలకము వచ్చును, యంత్రము ఒత్తును గుడిని, గుడిని సున్నను చేసి చదివిన పుటను సరిదిద్దుటకు తెలుగు వచ్చిన మనిషి మాత్రము రాడు, ఏలయన బడ్జెటులో పరికరములకు పద్దు గలదు, పండితునికి లేదు. దిద్దని పుట బొమ్మయే గాని, వెదకిన మాట అందు తరచు దొరకదు. అయినను వార్షిక నివేదికలో అది 'డిజిటలీకరణ' మని నమోదగును!

అయ్యలారా, పద్దు వచ్చే యేడు వెదకుకొనవచ్చును, మనుషులు మాత్రము ఆగరు. తొలితరము కార్మికులలో మిగిలినవారి మాటలు ఈ యేడే రికార్డు చేయించుడు. అందుకు మీ జేబులోని ఫోను చాలును.