ధాన్యానికున్న దారి మనకేదండీ?

మనుషులు నడవడానికి రోడ్డు మూయడమనేది తామే కనిపెట్టినట్టు పట్నాల వాళ్లు తెగ చెప్పుకుంటారు. కోపెన్‌హాగెన్‌లో 1962లోనే స్ట్రోగెట్ అనే బజారు వీధిలో కార్లు ఆపేశారు. హైదరాబాదు వాళ్లు 2021 ఆగస్టు 29న, ఆదివారం సాయంత్రం, టాంక్‌బండ్ మీద బళ్లు ఆపేసి ‘సండే ఫన్‌డే’ అని పేరు కూడా పెట్టారు. చార్మినార్ చుట్టూ నడక దారి పథకమైతే ఏళ్లూ పూళ్లూ సాగింది. ఆ దారిలో అందరికంటే ఎక్కువ నడిచింది ఫైలే.

ఆయ్, మాకంత ఆర్భాటం దేనికండీ? మా మలికిపురం వైపు రోడ్డు మూయడం కుటీర పరిశ్రమ.

దాళ్వా కోతలొస్తే సగం రోడ్డు ధాన్యానిది. బరకాలు పరిచి, అంచున రాళ్లు పేరుస్తారు. రాళ్లు చాలకపోతే కొబ్బరి మొద్దులు. తేమ 17 శాతానికి దిగితేగానీ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి, అందాకా ఎంత పెద్ద కారైనా పక్కకి తప్పుకోవలసిందే. రైతుని తప్పుపట్టి లాభం లేదండి. కళ్లాలు కాస్తా రొయ్యల చెరువులైపోతే ఆయన మాత్రం ఎక్కడ ఆరబోసుకుంటాడు?

పెళ్లైతే షామియానా. కొబ్బరి దింపులైతే కాయల లారీ. నాయకుడొస్తే తాళ్లు. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభలు బయల్దేరితే రోడ్డే కాదు, చేలూ, కౌశిక కాలవా కూడా దారిస్తాయి. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథం కదిలితే ఇక చెప్పనే అక్కర్లేదు.

అంటే దేవుడికీ, ధాన్యానికీ, పెళ్లికొడుక్కీ దారుంది. ఒట్టి కాళ్లతో వచ్చినవాడికే లేదు.

మొన్న మా పక్కింటి మామ్మగారు బీపీ బిళ్లల కోసం సెంటరుకి బయల్దేరారు. ఎడంపక్క మురుగు కాలవ, కుడిపక్క బస్సు. మధ్యనున్న జానెడు మట్టి అంచు మీద ఎవరిదో బుల్లెట్టు స్టాండేసి ఉంది. బస్సు హారను కొట్టేసరికి ఆవిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బరకం మీదకెక్కేశారు.

“మామ్మగారండీ, గింజలు తొక్కకండీ!” అని కాపలా కుర్రాడి కేక.

“మరెక్కడ తొక్కమంటావురా?”

బస్సువాడూ చెప్పలేదు, కుర్రాడూ చెప్పలేదు. చూస్తూ నిలబడ్డ నేనూ చెప్పలేదు.

మర్నాటినుంచి ఆవిడ కొంగున సోలెడు ధాన్యం కట్టుకుని వెళ్తున్నారు. రోడ్డెక్కగానే కుడివైపు గుప్పెడు గుప్పెడు గీతలా పోసుకుంటూ, లోపలివైపు నింపాదిగా నడిచిపోతున్నారు. లారీలు సైతం ఆ గీతకి అవతల్నుంచే పోతున్నాయండి. ఇంతవరకూ తేమెంతని అడిగినవాడు లేడు.