పీఎస్ మాస్టారు

అవనిగడ్డలో టీ కొట్టు దగ్గర నిలబడి "మాస్టారూ!" అని పిలవండి, పదిమంది తలలు తిప్పుతారు. అందరూ డీఎస్సీ కోచింగ్‌కి వచ్చినవాళ్లే, ఒక్కరికీ ఉద్యోగం లేదు. మా పీఎస్ మాస్టారు వాళ్లలో సీనియరు. మెస్సాయన, ఓనరమ్మగారు, ఆఖరికి అప్పిచ్చిన బావమరిది కూడా మాస్టారనే పిలుస్తారు. పిలవాల్సింది గవర్నమెంటు ఒక్కటే.

పీఎస్ అంటే ఫిజికల్ సైన్స్. హైస్కూల్లో కెమిస్ట్రీ ఒక్కటే చెబుతానంటే కుదరదు, ఫిజిక్సూ మోయాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మాస్టారు ఆ కారణంగా పుటాకార దర్పణంతో ఏడేళ్లుగా ఇష్టంలేని కాపురం చేస్తున్నాడు. 2018 డీఎస్సీ రెండు మార్కుల్లో తప్పిపోయింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులన్నారు, తర్వాత రద్దన్నారు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడింది. వయోపరిమితి 44కి పెంచారని విని మాస్టారు ఎగిరి గంతేశాడు, ఊళ్లో వాళ్లావిడ కూలబడింది.

పరీక్షలో 160 బిట్లు, బిట్టుకి అర మార్కు. ఆ 80కి టెట్ వెయిటేజీ 20 కలుస్తుంది. టెట్ 150కి కాబట్టి అక్కడ ఏడున్నర పెరిగితే ఇక్కడ ఒకటి పెరుగుతుంది. అందుకే 112తో ఎప్పుడో పాసైన టెట్‌ని మళ్లీ మళ్లీ రాస్తాడు. చుట్టాల పెళ్లికి రమ్మంటే, "రానూపోనూ రెండొందల బిట్లండీ" అంటాడు. పావ్‌లోవ్ కుక్కకి గంట కావాల్సి వచ్చింది గానీ, ఈయనకి 'నోటిఫికేషన్' అన్న మాట వినబడితే చాలు.

ఆ వేసవిలో ఓ ఆదివారం, గ్రాండ్ టెస్టుకి గంట ముందు, చొక్కా ఉతుక్కుంటున్నాడు. సాంబారు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడింది. ఓనరమ్మగారి మనవడు పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, రక్తం!"

"పసుపురా. క్షారంలో ఎర్రబడుతుంది. ఆప్షన్ సి."

"మళ్లీ పసుపురంగు రాదా?"

మాస్టారు సబ్బు కింద పెట్టాడు. నిమ్మకాయ తెమ్మన్నాడు. పిండితే మరక పసుపయింది. సబ్బు రాస్తే ఎరుపు, నిమ్మ పిండితే పసుపు. పక్క వాటాల పిల్లలు ముగ్గురొచ్చి గట్టెక్కి కూచున్నారు. ఒక పిల్ల మందారపువ్వు నలిపి తెచ్చింది. ఆ రసం సబ్బునీళ్లలో ఆకుపచ్చగా తిరిగేసరికి పిల్లలకంటే మాస్టారే గట్టిగా కేకేశాడు. ఆ బిట్టుకి ఎన్నిసార్లు టిక్కు పెట్టాడో గానీ, కళ్లారా చూడటం అదే మొదలట.

గ్రాండ్ టెస్టు మొదలై అప్పటికి నలభై నిమిషాలు.

ఓనరమ్మగారొచ్చి గట్టుమీది తొక్కలు లెక్కపెట్టింది. "ఆరు కాయలండీ మాస్టారూ! పులిహోరలోకి ఇప్పుడు నేనేం పిండను?"

"చింతపండు వాడండి," అన్నాడు మాస్టారు, చొక్కా మీంచి కళ్లెత్తకుండా. "అదీ ఆమ్లమే. టార్టారిక్."