పట్టీలు లేని ఏళ్లు

నన్ను తెఫిలిన్ అంటారు. చూడటానికి రెండు నల్లని తోలు పెట్టెలు, పేరు మాత్రం ఒక్కటే. ఒకటి చేతికి, ఒకటి తలకు. పదమూడేళ్లు నిండిన యూదు మగవాడు, షబ్బత్ అనే శనివారపు విశ్రాంతి దినమూ పండుగ రోజులూ తప్ప, ప్రతి ఉదయం ప్రార్థన వేళ నన్ను తోలు పట్టీలతో కట్టుకుంటాడు. ముంజేతికి ఏడు చుట్లు, నడివేలికి మూడు. వేలికి చుట్టేటప్పుడు హోషేయ ప్రవక్త చెప్పిన ప్రధానపు మాటలు పలుకుతాడు. ఆ మూడు చుట్లూ దేవుడితో జరిగిన ప్రధానానికి ఉంగరం.

నా ప్రాణం తోలులో లేదు, లోపలి అక్షరాల్లో ఉంది. నిర్గమకాండంలోవి రెండు భాగాలు, ద్వితీయోపదేశకాండంలోవి రెండు. మాచికాయ, అన్నభేది, తుమ్మబంక కలిపిన సిరాలో ఈక ముంచి లేఖకుడు వాటిని చర్మపత్రం మీద రాశాడు. తలపెట్టెలో నాలుగు అరలు, అరకో పత్రం. చేతిపెట్టెలో ఒకే అర, నాలుగు భాగాలూ ఒకే పత్రం మీద. రెంటిలో కలిపి 3,188 అక్షరాలు. ఒక్కటి చెడినా నేను చెల్లను.

1913లో వితెబ్స్క్ పట్టణంలో ఒక కుర్రాడి చేతికి చేరాను. రష్యా విప్లవం తర్వాత అతను నన్ను వెంటబెట్టుకుని లెనిన్‌గ్రాడ్ వెళ్లాడు. దేవుణ్ణి తలచుకోవడమే అనుమానానికి తావిచ్చే రోజులవి. తెల్లవారకముందే, తెరలు దించి, నన్ను కట్టుకునేవాడు.

1941 చలికాలం. నగరాన్ని జర్మన్ సేనలు చుట్టుముట్టాయి. పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె. జనం బెల్టులు ఉడకబెట్టుకుని తాగుతున్నారు. ఇంట్లో ఆరేళ్ల కొడుకు లేవలేక పడుకున్నాడు. ఒక రాత్రి ఆయన నా పట్టీలను ముక్కలుగా కోసి నీళ్లలో వేశాడు. ప్రాణం నిలపడానికి దాదాపు ప్రతి ఆజ్ఞనూ పక్కన పెట్టాలన్నది యూదు ధర్మం. ఆ రాత్రి ఆయన ధర్మం తప్పలేదు, పాటించాడు. కొడుకు బతికాడు. ఆయన వసంతం చూడలేదు.

తర్వాత యాభై ఏళ్లకు పైగా నేను బీరువాలో, పాత తువ్వాలులో ఉన్నాను. ఆ కొడుకు ఇంజినీరయ్యాడు. ప్రార్థన రాదు, రావాలనీ అనుకోలేదు. ఇల్లు మారినప్పుడల్లా నన్ను మాత్రం తానే మోశాడు. 1990లో తన కొడుకుతో కలిసి హైఫా చేరాడు. ఆ ఒక్క ఏడాదే సోవియట్ దేశం నుంచి లక్షా ఎనభై వేల మందికి పైగా ఇజ్రాయెల్ వచ్చారు. వాళ్లలో ఎందరికో ఈ తండ్రీ కొడుకుల్లాగే హీబ్రూ అక్షరం తెలియదు.

1998లో తండ్రి మంచాన పడ్డాడు. చివరి వారంలో కొడుకుతో అన్నాడు: "ఆ పెట్టెలకు పట్టీలుండేవిరా. మా నాన్న వాటిని కాచి నాకు తాగించాడు." అంతకుమించి చెప్పలేదు.

తండ్రి పోయాక కొడుకు యూదుల సమాజమందిరానికి వెళ్లాడు. నమ్మకంతో కాదు, నాన్న కోసం. చనిపోయిన తండ్రికి పదకొండు నెలలు కద్దిష్ చెప్పాలి, అందుకు పదిమంది మగవాళ్లు కూడాలి. ఆ ప్రార్థనలో చావు మాటే ఉండదు, ఉన్నదంతా స్తుతి. రష్యన్ లిపిలో రాసుకున్న కాగితం చూసి తడబడుతూ చదివేవాడు. పక్కన నిలబడే పెద్దాయన ఒకరోజు అడిగాడు: "తెఫిలిన్ ఉందా నాయనా?"

"ఉందండీ. పట్టీలు లేవు."

నన్ను పట్టుకెళితే ఒక లేఖకుడు నా కుట్లు విప్పి భూతద్దంతో చూశాడు. తలలోని నాలుగు పత్రాలూ బాగున్నాయి. చేతిలోని పత్రంలో సిరా పెట్లి ఒక అక్షరం రెండుగా విడిపోయింది.

"దిద్దడం కుదరదా?"

"కుదరదు బాబూ. మొదటి అక్షరం నుంచి చివరి దాకా వరసగా రాయాలి. వెనక్కి వెళ్లి విరిగినదాన్ని మళ్లీ రాయకూడదు. కొత్త పత్రం కావాలి."

"అయితే ఇక ఇది మా తాతది కాదా?"

లేఖకుడు భూతద్దం దించాడు. "తలలోది మీ తాతగారిది. చేతిలోది మీది."

నాలోని అక్షరాలే చేతిపెట్టెను గుర్తు అంటాయి, తలపెట్టెను జ్ఞాపకం అంటాయి. కట్టుకునే వరస కూడా అదే: ముందు చెయ్యి, తర్వాత తల. నమ్మకం కుదరనివాడు చెయ్యడం దగ్గరే మొదలుపెట్టాడు.

పదకొండు నెలలు నిండాయి. మర్నాడు రావలసిన పని లేదు. వచ్చాడు. కొన్నాళ్లకు ఇంట్లో, యూదు ఆహార నియమం ప్రకారం, పాలకూ మాంసానికీ గిన్నెలు వేరయ్యాయి. శుక్రవారం పొద్దు వాలకముందే దీపాలు వెలిగి, టీవీ ఆగిపోసాగింది. మర్నాడు నన్ను కట్టుకోడు. షబ్బత్తే ఒక గుర్తు, ఆ రోజు ఇంకో గుర్తు అక్కర్లేదు. హీబ్రూలో తెషువా అంటే తిరిగి రావడం, జవాబు అనీ అర్థం. జవాబులన్నీ ఆయనకు దొరకలేదు. కొన్ని రాత్రులు ఆ ముట్టడి గురించి దేవుణ్ణి అడుగుతూనే ఉంటాడు. తెల్లవారాక మాత్రం ఎడమ చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు.

నా పట్టీలు ఇప్పుడు కొత్తవి. పాతవి వాళ్ల నాన్నకు ప్రాణమై, ఆయన ద్వారా ఈయనదాకా వచ్చాయి. రోజూ నన్ను విప్పాక కూడా కాసేపు ఆ ముంజేతి మీద ఏడు గీతలుంటాయి. ఆయన వాటిని నిమురుకుని చొక్కా చెయ్యి దించుకుని పనికి వెళతాడు.