మా కోటకో దయ్యం కావలెను

రాజస్థాన్‌లో ఆల్వార్ జిల్లా, సరిస్కా అడవి అంచున భాన్‌గఢ్ అనే పాడుబడ్డ కోట ఉంది. దేశంలో కోటలకు కొదవ లేదు గానీ, దయ్యానికి సర్కారు సర్టిఫికెట్ దొరికిన కోట ఇదేనని జనం నమ్మకం. ఆ సర్టిఫికెట్ మరేమీ కాదు, పురావస్తు శాఖవారు పాతిన బోర్డు. పొద్దు గూకాక, పొద్దు పొడవక ముందు లోపలికి రాకూడదు, వస్తే చట్టప్రకారం చర్య తప్పదని హిందీలో రాశారు. అందులో దయ్యం మాట మచ్చుకైనా లేదు. చీకటి పడితే జనాన్ని బయటికి పంపడం ఆ శాఖకు చాలాచోట్ల ఉన్న అలవాటే. అదే నియమం ఇంకో కోట దగ్గర కనిపిస్తే వాచ్‌మన్ చేతిలో యాభై పెడతాం. ఇక్కడ కనిపిస్తే మాత్రం తాయెత్తు తడుముకుంటాం.

ఈ కోటకు శాపాలు కూడా రెండు. అక్కడ తపస్సు చేసుకునే బాలూనాథ్ అనే సాధువు, మీ మేడ నీడ నా మీద పడకూడదన్న షరతుతో కోటకు ఒప్పుకున్నాడట. తర్వాత వచ్చిన రాజొకడు అంతస్తులు పెంచాడు, నీడ పడింది, ఊరు పోయింది. మన దగ్గరైతే క్రమబద్ధీకరణ పథకంలో రుసుము కట్టి ఆ నీడకూ అనుమతి తెచ్చుకునేవాళ్లం. రెండో కథలో సింఘియా అనే మాంత్రికుడు రాణి రత్నావతి మీద మనసు పడి, ఆమెకోసం కొన్న అత్తరు తైలానికి మందు పెట్టాడు. సంగతి పసిగట్టిన రాణి దాన్ని బండమీద ఒంపేసింది. వలపు సోకిన బండ దొర్లుకుంటూ వెళ్లి మాంత్రికుణ్నే నలిపేసింది. పోతూ పోతూ వాడు ఊరంతటినీ శపించాడు. ప్రేమించనన్నది ఒకావిడ, శిక్ష ఊరందరికీ! ఈ లెక్క ఏ కాలంలోనూ మారలేదు.

చరిత్రను అడిగితే ఇంత రుచిగా చెప్పదు. 16వ శతాబ్దంలో ఆమేరు రాజు భగవంత్ దాస్ కట్టించాడు. కొడుకు మాధోసింగ్, అంటే అక్బర్ సేనాని మాన్‌సింగ్‌కు తమ్ముడు, ఏలాడు. తర్వాత వైభవం తగ్గింది, 1783 నాటి కరువుతో ఊరు ఖాళీ అయిందంటారు. కరువును చూడ్డానికి కెమెరా పట్టుకుని ఎవరొస్తారు? అందుకే యూట్యూబు పిల్లలు మాంత్రికుడికే ఓటేశారు. పైకప్పుల్లేని అంగళ్ల వరసల మధ్య, కొండముచ్చుల సాక్షిగా, 'ఇప్పుడే ఏదో నా భుజం తట్టింది' అని గుసగుసలాడతారు. రాత్రిపూట అటు తిరిగేది చిరుతపులి. అది భుజం తట్టి ఊరుకునే రకం కాదు.

నా బాధ వేరు. కట్టడం మీద పేరు చెక్కినా, పాడు చేసినా రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా వేయొచ్చని చట్టంలో ఉంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? దయ్యం సంగతి మాత్రం దేశమంతా తెలుసు. కాపలా పని చట్టంకన్నా అదే బాగా చేస్తోంది. మన కోటలూ గుళ్లూ చూడండి. గుప్తనిధులని నంది కింద గునపం దించేది రాత్రిపూటే. పగలు ప్రేమికులు మేకుతో బాణం గుచ్చిన గుండె చెక్కి, కింద ఇంటిపేరుతో సహా రాసి వెళ్తారు. ఆ నందికి ఒక్క దయ్యం తోడుంటే ఎంత బాగుండేది!

మన దగ్గర దయ్యాలు లేక కాదు. తొంభైల్లో 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద బొగ్గుతో రాస్తే, చదువుకుని, రోజూ వాయిదా ఒప్పుకుని మర్యాదగా వెనక్కి తిరిగిపోయిన దయ్యం మనది. అంత అక్షరాస్యత, అంత సహనం ఉన్న సిబ్బంది ఏ ఆఫీసులో దొరుకుతారు? రోడ్ల వెడల్పులో చింతచెట్లు కొట్టేశాక కొరివిదయ్యాలైతే నిలువ నీడ లేక తిరుగుతున్నాయి. గండికోటకో నాలుగు, కొండవీటికో నాలుగు, దేవరకొండకో రెండు చొప్పున అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో వేసుకుంటే సరిపోతుంది.

ఒక్కటే మనవి. ఎమ్మెల్యేగారి సిఫారసు ఉత్తరం పట్టుకొచ్చిన దయ్యాన్ని మాత్రం తీసుకోవద్దు. అది నైట్‌డ్యూటీకి రాదు.