ముందు మీరు చూశారా, మాస్టారూ?

మా రోజుల్లో క్లాసులోకి ఒక చార్టు తీసుకెళ్లాలన్నా ముందురోజు సాయంత్రం స్టాఫ్ రూములో బల్ల మీద పరిచి చూసుకునేవాళ్లం. గుండె బొమ్మలో కుడి ఎడమలు సరిగ్గా ఉన్నాయా, బాణం గుర్తులు రక్తం పోయే వైపే ఉన్నాయా, అక్షరాలు ఆఖరి బెంచీ వాడికి కనిపిస్తాయా అని ఒకరికి ఇద్దరం పరీక్షగా చూసేవాళ్లం. ఇవాళ రాత్రి పదింటికి ఎవరో వాట్సాప్ గ్రూపులో పడేసిన లింకు పొద్దున్న రెండో పీరియడ్‌లో ప్యానెల్ మీద ఆడుతోంది. పిల్లలతో పాటు మాస్టారు కూడా దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నారు. ఇది నాకు మింగుడుపడడం లేదు.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన వాణ్ణి. తెర మీద పాఠం తప్పని నేనెప్పుడూ అనలేదు. అది నిన్న మొన్న వచ్చిందేమీ కాదు కూడా. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది. అందులో మన రాష్ట్రమూ ఉంది, తెలుగూ ఉంది. పొద్దునపూట బడిపిల్లల కోసం ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. ఆ కార్యక్రమాలు పిల్లల మీద ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి పరిశోధకులు ఊళ్లలోనే మకాం పెట్టారు. ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు, ఎక్కడ కునుకు తీశారు అని రాసుకున్నారు. టీవీ పెట్టె ఇచ్చేసి చేతులు దులుపుకోలేదు. దేశంలో చాలా ఊళ్లకు కరెంటే లేని కాలంలో పాటించిన శ్రద్ధ అది.

ఇప్పుడు సరుకుకు కొదవ లేదు. 2017 సెప్టెంబర్ 5న ‘దీక్ష’ అనే డిజిటల్ పాఠాల వేదిక మొదలైంది. పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠానికీ ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది. కరోనా ఏడాది తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్‌ల మీద పాఠాలు నడిచాయి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. తరగతి గదుల గోడలకు ఐఎఫ్‌పీలు, అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు ఎక్కాయి. యూట్యూబ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ‘కాంతి పరావర్తనం పదో తరగతి’ అని కొడితే వందల వీడియోలు. ఏరేవాళ్లే కరువయ్యారు.

మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూసి తీరాలని నిబంధన ఉంది. మంచి నిబంధన. కడుపులోకి పోయేదాని విషయంలో ఇంత జాగ్రత్తపడిన మనం బుర్రలోకి పోయేదాన్ని రుచి చూడకుండా ఎలా వడ్డిస్తున్నాం?

రుచి చూడకపోతే ఏమవుతుందంటారా? ఋతువుల పాఠమే తీసుకోండి. తెర మీద భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. బొమ్మ అందంగా కనిపించాలని కక్ష్యను కోడిగుడ్డు కన్నా కోలగా గీస్తారు. పిల్లవాడు చూసి ఏమనుకుంటాడు? సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం. కొన్ని వీడియోల్లో వ్యాఖ్యాత కూడా ఆ మాటే అనేస్తాడు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. మనం భోగిమంటలకు కట్టెలు, పిడకలు పోగేసుకునే రోజులవి. అతి దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్ల దాకా వెళ్లేది జులై మొదట్లో. ఋతువులకు కారణం భూమి అక్షం ఒరిగి ఉండటం. ఈ సంగతి బోర్డు మీద ఎంత చెప్పినా, కళ్లతో చూసిన ఆ కోల కక్ష్యే పిల్లవాడి మనసులో ఉండిపోతుంది. నేను చెప్పిన పొరపాటునైతే నేనే మర్నాడు దిద్దవచ్చు. రంగుల్లో, సంగీతంతో కదిలిన బొమ్మను దిద్దడం చాలా కష్టం.

పైగా ఆ వీడియోల్లో ఋతువులు నాలుగే. వసంతంలో ట్యులిప్ పూలు, శిశిరంలో మంచు. పల్నాడు పిల్లవాడికి తెలిసింది రోహిణి కార్తె, వడగాలి, నైరుతి వానలు, వరికోతల నాటి చలి. వాడి ఊరి ఆకాశం ఒక్కసారీ కనిపించని పాఠం వాడికి పరాయి కథలాగే ఉంటుంది. అది చెడ్డ వీడియో అనడం లేదు, చేసినవాళ్లు తమ పిల్లల కోసం చేసుకున్నారు. మన పిల్లలకు పనికొస్తుందా అని అడగాల్సింది మనం.

సోషల్ మాస్టార్ల బాధ ఇంకా పెద్దది. 1979లో విజయనగరం ఏర్పడ్డాక ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు. 2014లో రాష్ట్రం రెండైంది. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఈ మార్పుల్లో ఏది ఏ వీడియోలోకి ఎక్కిందో, ఏది ఎక్కలేదో ఆఖరి దాకా చూస్తే తప్ప తెలీదు. ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసేసింది 2006లో, ఇంకా తొమ్మిది గ్రహాల పాట పాడే వీడియోలు కొల్లలు. పాఠ్యపుస్తకమైతే మొదటి పేజీల్లో ముద్రించిన సంవత్సరం ఉంటుంది. వీడియోకు అప్‌లోడ్ చేసిన తేదీ ఉంటుంది గానీ, పాతదాన్ని కొత్తగా ఎక్కించినా ఆ తేదీ కొత్తగానే కనిపిస్తుంది. ఇక విదేశాల్లో తయారైన భారతదేశ పటం క్లాసులో పెట్టేముందు ఉత్తరాన జమ్ము కశ్మీర్, లద్దాఖ్ సరిహద్దుల్ని సర్వే ఆఫ్ ఇండియా పటంతో పోల్చుకోకపోతే పిల్లలు ఆ తప్పు పటమే నోటు పుస్తకంలో గీసుకుంటారు.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేవి ప్రయోగాల వీడియోలు. ఆకులో పిండిపదార్థం ఉందని చూపే ప్రయోగం ఉంది కదా, ఆకును స్పిరిట్‌లో మరిగించి పచ్చదనం పోగొట్టి అయోడిన్ చుక్క వేస్తాం. స్పిరిట్ చప్పున అంటుకుంటుంది. అందుకే దాన్ని నేరుగా మంట మీద పెట్టం. వేడినీళ్ల గిన్నెలో స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను నిలబెడతాం. మూడు నిమిషాల వీడియోలో ఆ నీళ్ల గిన్నె ఎందుకుందో చెప్పకపోతే, చూసిన పిల్లవాడు ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద స్పిరిట్ పెడతాడు. యాసిడ్‌ను నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదని మేం ఏడాదికి ఎన్నిసార్లు చెప్పేవాళ్లమో! వీడియోలో ఆ జాగ్రత్త చెప్పే చోటు కత్తిరించి పేలుడు మాత్రం ఉంచుతారు, చూసేవాళ్లు పెరగాలి కదా.

మేం ప్రతి ప్రయోగాన్నీ ముందురోజు చేసి చూసుకునేవాళ్లం. అలా చేస్తేనే కొన్ని సంగతులు తెలుస్తాయి. స్థిర విద్యుత్తు పాఠం ఆగస్టులో చెబితే కోస్తా ఊళ్లలో ప్రయోగం పారదు. గాలిలో తేమకు ఎబొనైట్ కడ్డీ మీద ఆవేశం నిలవదు, విద్యుద్దర్శిని రేకులు విచ్చుకోవు. అందుకని ఆ పాఠాన్ని పొడి చలి ఉండే జనవరికి జరుపుకునేవాళ్లం. ఏ ప్రయోగం ఏ నెలలో బాగా వచ్చింది, ఏది బెడిసికొట్టింది అని ల్యాబ్‌లో ఒక నోటు పుస్తకం ఉండేది. కొత్తగా వచ్చిన మాస్టారు మొదట దాన్ని చదివేవాడు. వీడియోలో ప్రయోగం ఎప్పుడూ ఫలిస్తుంది. మన గదిలో, మన తేమలో ఫలిస్తుందో లేదో అది చెప్పదు.

భాష సంగతీ చూసుకోవాలి. యంత్రం చేత తెలుగు చెప్పించిన పాఠాల్లో బలం అనాల్సిన చోట శక్తి అని, శక్తి అనాల్సిన చోట సామర్థ్యం అని వచ్చేస్తుంది. భౌతికశాస్త్రంలో ఆ మూడూ మూడు వేరు వేరు రాశులు. పరీక్షలో ఆ తేడాకే మార్కులు.

మంచివి లేవనను. వెతికినవాళ్లకు బంగారం ఉంది. నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. వలయంలో బల్బు, బ్యాటరీ పిల్లవాడే కలుపుకోవచ్చు. తప్పు కలిపితే వెలగదు. చూస్తూ కూర్చోవడం ఉండదు, చేయి కదపాలి. అరవింద్ గుప్తా అయితే పనికిరాని సీసాలు, అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబుతో బొమ్మలు చేయించి సైన్సు చెబుతారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, హోషంగాబాద్ పల్లెబడుల్లో సైన్సు బోధన చూసి ఈ దారి పట్టిన మనిషి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వీడియో చూసిన పిల్లవాడు తెర కట్టేసి చెత్తబుట్టలో వెతుక్కుంటాడు. నా లెక్కలో మంచి పాఠానికి అదే గుర్తు.

అయినా ఫెట్ వలయంలో వదులైన తీగ ఉండదు, తుప్పు పట్టిన సెల్లు ఉండదు. అందుకని ముందు నిజమైన బ్యాటరీతో చేయించి, ఆ తర్వాతే తెర మీదిది చూపించమంటాను. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కంటికి కనిపించదు కాబట్టి తెర అవసరం అక్కడే. ఇంకో మాట. పాత సిమ్యులేషన్లలో కొన్ని ఫ్లాష్ మీద నడిచేవి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది. నిరుడు బాగా నడిచిన లింకు ఈ ఏడు తెరుచుకోకపోవచ్చు. ప్రతి జూన్‌లోనూ మళ్లీ చూసుకోవాలి.

ఎవరు చేశారన్నది కూడా అడగాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ బృందం వెబ్‌సైట్ల నమ్మకాన్ని తూచమని చరిత్ర ప్రొఫెసర్లకు, విద్యార్థులకు, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లకు పని ఇచ్చింది. చదువుకున్న ప్రొఫెసర్లలో కూడా కొందరు చక్కటి పేజీ, గంభీరమైన పేరు చూసి నమ్మేశారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు మాత్రం ఆ పేజీ వదిలి బయటికి వెళ్లి, వీళ్ల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారని చూశారు. మా రోజుల్లో పుస్తకాలమ్మే ఏజెంటు వచ్చి గైడు అంటగడితే పక్క ఊరి మాస్టార్ని అడిగి తెలుసుకునేవాళ్లం. పని అదే.

ఉచితమని పిల్లల చేత దించిస్తున్న యాప్‌ల సంగతి తలచుకుంటే ఇంకా మండుతుంది నాకు. తండ్రి ఫోన్ నంబరు, పిల్లవాడి తరగతి, ఊరు అన్నీ అడుగుతాయి. మా వీధిలో ఒక కౌలురైతు కొడుకు పాఠం కోసం ఒక యాప్ దించుకున్నాడు. ఇక వరసపెట్టి ఫోన్లు, కోర్సు కొనమని, వాయిదాల్లో కట్టమని. పిల్లవాడి చదువు పాడవుతుందని ఆయన్ను భయపెట్టారు కూడా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ధ్రువపరచుకోవాలంటోంది. వాళ్ల కదలికల్ని వెంటాడకూడదని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని చెబుతోంది. బడి నుంచి లింకు పంపే ముందు మాస్టారు ఆ యాప్‌ను తన ఫోన్‌లో తెరిచి, ఏమేం అడుగుతోందో చూస్తే ఆ రైతుకు ఆ బాధ తప్పేది.

ఇదంతా చెబితే ఇప్పటి టీచర్లు నాతో అంటారు, ‘మాస్టారూ, ఎప్పుడు చూడమంటారు? హాజరు యాప్‌లో, భోజనం ఫొటో యాప్‌లో. వీటికే సరిపోతోంది’ అని. వాళ్లన్నది నిజం. నా కోపం వాళ్ల మీద సగమే. మాకు సాయంత్రాలు మిగిలేవి. వీళ్లకు మిగలనివ్వడం లేదు. పేరు పెట్టి బాధ్యత అప్పగించకుండా లక్షల వీడియోలు కుమ్మరించినవాళ్లది మిగతా సగం.

పాఠ్యపుస్తకం తెరవండి. రాసినవాళ్ల పేర్లు, సంపాదకుల పేర్లు, వాళ్లు ఏ బడిలో పనిచేస్తున్నారో వరసగా అచ్చేసి ఉంటాయి. తప్పు దొరికితే ఉత్తరం రాయడానికి మనిషి ఉన్నాడు. క్లాసులో వాడదగిన వీడియోల జాబితాకూ అలాగే ఉండాలి. ఈ పాఠానికి ఈ వీడియో, ఫలానా బడి ఫలానా టీచరు ఆద్యంతం చూశారు, ఫలానా నెలలో చూశారు, నాలుగో నిమిషం దగ్గర ఆపి ఫలానా సంగతి విడమరచాలి, ఈ ప్రయోగం ఇంట్లో చేయొద్దని చెప్పాలి అని. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివే గంటను దీనికివ్వొచ్చు. ఒక్కో సబ్జెక్టు టీచరు నెలకు రెండు వీడియోలు చూసి రాసినా మండలానికి ఏడాదిలో మంచి జాబితా తయారవుతుంది. దాన్ని దీక్షలో ఎక్కించడం విద్యాశాఖకు పెద్ద పనేం కాదు. అందుకు కావలసిన సమయం ఫొటోల పనిలోంచి కోసి ఇవ్వాలి, ఆదివారాల్లోంచి కాదు. ఈ సంగతి నేను మండల విద్యాధికారులకు రాతపూర్వకంగా ఇచ్చాను, డీఈఓ గారికీ పంపాను. జవాబు రాలేదు. జూన్‌లో బడులు తెరిచేలోపు మళ్లీ పంపుతాను.