ఒక నీలి రంగు బిళ్ల కథ

నీటి రంగుల పెట్టెలో కనిపించే ముదురు నీలం పేరు అల్ట్రామెరైన్. హైదరాబాద్‌లో తీరిక దొరికినప్పుడల్లా బొమ్మలు వేసుకునే ఒక బ్యాంకు ఉద్యోగిని రేకు పెట్టెలో, గోటి కంటే కాస్త పెద్దదైన అరలో ఒదిగి ఉన్న బిళ్ల ఈ రంగుదే. ఈ కథ దానిదే.

బిళ్ల వంశం రాతితో మొదలవుతుంది. అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో తవ్వి తీసే లాపిస్ లజులి రాయిని నూరి, కడిగి ఈ నీలాన్ని రాబట్టేవారు. ఐరోపా చిత్రకారులకు అది అందేసరికి బంగారంతో సమానమైన ఖరీదు పలికేది. చౌకగా తయారుచేసే పద్ధతి కనిపెట్టినవారికి 6,000 ఫ్రాంకులు ఇస్తామని 1824లో ఫ్రాన్స్‌లో ప్రకటించారు. 1828లో జాఁ బాప్టిస్ట్ గిమే ఆ బహుమతి అందుకున్నాడు. అప్పటినుంచి ఈ రంగు పుట్టిల్లు గని కాదు, కొలిమి. చీనామట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి గాలి చొరబడకుండా కాలుస్తారు. ఈ నీలానికి మూలం గంధకమే. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ అల్లుకున్న పంజరంలో గంధకపు అణువులు చిక్కుకుని ఉన్నంతకాలం నీలం నిలుస్తుంది. ఆమ్లం తగిలితే పంజరం విచ్చిపోయి రంగు వెలిసిపోతుంది. ఎండకు మాత్రం ఇది చెక్కుచెదరదు. కిటికీ వెలుతురులో కొన్నేళ్లకే పాలిపోయే అలిజరిన్ క్రిమ్సన్‌తో పోలిస్తే ఇది ఎంతో గట్టి రంగు.

పొడి ఒక్కటే కాగితానికి అంటుకోదు కాబట్టి బంక కావాలి. నీటి రంగుల్లో వాడే గమ్ అరబిక్ ఆఫ్రికాలో, ముఖ్యంగా సూడాన్‌లో పెరిగే తుమ్మజాతి చెట్ల నుంచి వస్తుంది. తెలుగు పల్లెల్లో పిల్లలు గిల్లుకొచ్చే నల్లతుమ్మ బంక దానికి దగ్గరి చుట్టమే. బంకతోపాటు తేనెగానీ గ్లిజరిన్‌గానీ కలిపితే బిళ్లలో తేమ నిలుస్తుంది. గ్లిజరిన్ కలిపిన మెత్తటి బిళ్లల్ని లండన్‌లోని విన్సర్ అండ్ న్యూటన్ 1835లో అమ్మకానికి తెచ్చింది. అంతకుముందు గట్టి రంగు కడ్డీని గిన్నెలో అరగదీస్తేగానీ పని మొదలయ్యేది కాదు. హైదరాబాద్ మే నెలలో గ్లిజరిన్ ఉన్నా బిళ్ల పగుళ్లిస్తుంది. పని మొదలుపెట్టే ముందు రెండు చుక్కల నీళ్లు వేసి కాసేపు వదిలేస్తే మళ్లీ మెత్తబడుతుంది. పొడిబారిన బిళ్లను కుంచెతో రుద్దితే కుంచె వెంట్రుకలు పాడవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పెట్టె కొన్న కొత్తలో ఆ ఉద్యోగిని బడిపిల్లల డ్రాయింగ్ షీట్ మీద వేసేది. తడి తగలగానే షీట్ అలలుగా లేచేది, రంగు పల్లాల్లోకి జారి మడుగులు కట్టేది. నూలుతో చేసిన 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం కొన్నాకే బిళ్లకు తన అసలు గుణం చూపించే వీలు చిక్కింది. ఈ రంగు రేణువులు కాగితపు గరుకులో, సన్నటి గుంటల్లో దిగి నిలుస్తాయి. ఆరాక దగ్గరగా చూస్తే నీలం ఒకే పూతలా ఉండదు. ఇసుక చల్లినట్టు చుక్కచుక్కగా విడిపోయి, మధ్యలో తెల్లకాగితం మెరుస్తుంది. థాలో నీలంలో ఈ అందం లేదు, అది నునుపుగా పరుచుకుపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనేకంటే ఆరు రంగులు, మంచి కాగితం కొనడం మేలు.

నీటి రంగుల్లో తెలుపు వేయరు, వదులుతారు. వెలుగు పడే చోటును మొదటే గుర్తించి, అక్కడ కుంచె పెట్టకుండా చేతిని ఆపుకోవాలి. బొమ్మ లేతతో మొదలై ముదురుతో ముగుస్తుంది. ఒక పూత ఆరకముందే రెండోది వేస్తే సాధారణంగా బురదవుతుంది. బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ చిత్రకారుల నుంచి గ్రహించి మలచిన వాష్ పద్ధతిలోనైతే బొమ్మను పదేపదే నీళ్లతో తడిపి, రంగుల్ని పొగమంచులా కలిపేస్తారు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర చిత్రకళ నేర్చుకున్న అడివి బాపిరాజు ఆ బెంగాల్ బాటలో నడిచినవారే.

వీధిలో కూర్చుని వేయడం మొదలయ్యాక బిళ్లకు తోడు దొరికింది. పక్క అరలోని బర్న్‌ట్ సియెన్నా దాని జోడీ. ఎర్రమట్టి ఛాయ గల ఆ రంగు, ఈ నీలం కలిస్తే బూడిద రంగు వస్తుంది. నీలం పాలు పెరిగితే చల్లటి నీడ, ఎరుపు పాలు పెరిగితే ఎండలో కాగిన రాయి. చార్మినార్ దారిలో పత్తర్‌గట్టీ రాతి కమానుల్ని ఆదివారం పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు వేయడానికి ఈ రెండు రంగులే దాదాపు సరిపోతాయి. కమాను లోపలి నీడను ఒక్క తడి పూతలో వేసి, అది ఆరేలోపు అడుగున కాస్త సియెన్నా తాకిస్తే, నేల మీద పడ్డ ఎండ పైకి ఎగసినట్టు కనిపిస్తుంది. ట్యూబులోని నలుపు పూస్తే ఆ నీడ చచ్చిపోతుంది.

వీధిని వేస్తూ వేస్తూ ఆమె చూపు గోడల మీదికి మళ్లింది. 2016లో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ పూనికతో చిత్రకారులు బస్తీ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. బొమ్మ కోసం టికెట్ కొని గ్యాలరీకి వెళ్లనక్కర్లేదు, పాలప్యాకెట్‌కి వెళ్తూ చూడవచ్చు. వీధి చిత్రకళలో ఇంతకంటే గొప్ప విషయం లేదు. అవి చూసొచ్చాక, తన కాలనీవాళ్ల అనుమతితో ప్రహరీ మీద ఒక బొమ్మ వేయడానికి ఆమె పూనుకుంది.

గోడ ఈ బిళ్ల వంశానికి కొత్త కాదు. వెల్లవేసేటప్పుడు సున్నంలో కలిపే నీలిమందు అల్ట్రామెరైనే. సున్నపు క్షారాన్ని ఇది తట్టుకుంటుంది. ప్రష్యన్ నీలం తట్టుకోలేక గోధుమ రంగుకు తిరుగుతుంది. అయితే బంకతో చేసిన బిళ్ల రంగు మొదటి వానకే కరిగి కాలువలోకి పోతుంది కాబట్టి, ప్రహరీ మీద నేరుగా దానికి పని లేదు. అక్కడ ప్రైమర్ కొట్టి, బయటి గోడలకు వాడే యాక్రిలిక్ ఎమల్షన్ వేయాలి. బిళ్ల పని అంతకుముందే, కాగితం మీద, జరిగింది. చిన్న నమూనా వేసి, దాని మీద అంగుళానికొక గీత చొప్పున గళ్లు గీసి, గోడ మీద అడుగుకొక గీత చొప్పున సుద్దదారం కొట్టి, గడి తర్వాత గడి పెద్దది చేసింది ఆమె.

నమూనాలో కాగితమే ఇచ్చిన తెలుపును గోడ మీద డబ్బాలోంచి తీసి పూయాల్సివచ్చింది. ఎమల్షన్ కింది రంగును కప్పేస్తుంది కాబట్టి ముదురు మీద లేత వేయవచ్చు, తప్పు పడితే మళ్లీ పూయవచ్చు. ఆ వెసులుబాటు ఉన్నా, గోడ మీద కూడా నీడల్ని పలచటి పూతలుగానే కట్టుకుంటూ వచ్చింది ఆమె. అది కాగితం మీద అలవడిన పద్ధతి. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఆ నీడల్లో లోతు తెలుస్తుంది.

నమూనాలు, వీధి బొమ్మలు వేసివేసి బిళ్ల మధ్యలో గుంటపడింది, అడుగున తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. ఇలా అయిన బిళ్ల గిన్నెను పారేయనక్కర్లేదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ కనిపెట్టిన రేకు ట్యూబు పుణ్యమా అని అదే రంగు ట్యూబుల్లోనూ దొరుకుతుంది. అందులోంచి రంగు పిండి, ఒకేసారి నింపకుండా, ఒక పొర ఆరాక ఇంకొకటి వేస్తూ పోతే పగుళ్లు పట్టవు. పాత రంగు అంచుల్లో మిగిలి ఉన్నా ఫర్వాలేదు. తడిపితే కొత్తదానితో కలిసిపోతుంది.