అప్పు చేసి పారిస్ కూడు

తక్కువ ఖర్చులో విదేశయాత్ర ఎంత సులువో తెలియాలంటే యూరప్ వెళ్లే షెంజెన్ వీసాకు దరఖాస్తు పెట్టాలి. రుసుము 90 యూరోలు. వీసా ఇవ్వకపోయినా ఆ సొమ్ము వెనక్కి రాదు. తిరుమల హుండీలో వేసినా కాస్త పుణ్యం దక్కేది!

ఆపైన 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా, రానుపోను టికెట్ల బుకింగ్, బసకు రుజువు, నెలల తరబడి బ్యాంకు స్టేట్‌మెంట్లు. మధ్యతరగతి మనిషి జీతం ఒకటో తారీఖున ఖాతాలో దిగి, ఐదో తారీఖుకల్లా ఏ వీసా అడగకుండానే ఈఎంఐలకు ఎగిరిపోతుంది. అందుకని బావమరిది దగ్గర నాలుగు లక్షలు తెచ్చి ఖాతాలో పడుకోబెడతాడు. 'ఇంత డబ్బు ఉన్నట్టుండి ఎక్కడిది?' అని వీసా ఆఫీసు అనుమానం. 'ఎప్పుడిస్తావు బావా?' అని బావమరిది అనుమానం. ఇద్దరికీ ఒకటే జవాబు: నీళ్లు నమలడం.

పోనీ వియత్నాం? ఈ-వీసా 25 డాలర్లే. అయిదు వేల రూపాయలు మారిస్తే అక్కడి డబ్బులో పది లక్షల డాంగ్‌లు దాటుతాయి. ఇక్కడ ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేసినా కాలేని లక్షాధికారి అక్కడ దిగీదిగగానే అయిపోతాడు. హోటల్ బిల్లు వచ్చేదాకా ఆ వైభవానికి ఢోకా లేదు.

ఇక సామాను సంగతి: చవక విమాన టికెట్‌లో చేతిసామాను 7 కిలోలే. జంతికలు, అరిసెలు, కందిపొడి పోగా మిగిలిన జాగా బట్టలకు.

ఇన్ని పాట్లు పడి వెళ్లొచ్చి ఫొటోలు పెడితే పక్కింటాయన పలకరింపు ఒక్కటే: "బాగుందండీ, మరి అమెరికా ఎప్పుడు?"